చేతితుపాకికి లేజరు చుక్క: కొనదగినదా?

గడివేముల మండలమందలి గని గ్రామపు మెట్టభూములలోను, వాని నానుకొని ఓర్వకల్లు మండలమందున్న శకునాల పొలిమేరలలోను వరుసలు తీర్చి నిలిపిన సౌరఫలకముల మీద వేసవి మధ్యాహ్నమున పడు ఎండ, ఒక్కొక్క చదరపు మీటరునకు ఇంచుమించు వేయి వాట్ల శక్తిని మోసికొని వచ్చును. ఆ ఎండనే విద్యుత్తుగా మార్చుచు 1000 మెగావాట్ల సామర్థ్యము గల ఆ సౌరక్షేత్రము 2017 నుండి పనిచేయుచున్నది. అక్కడికి అనతిదూరమున కర్నూలు సమీపమందున్న నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్ అను ప్రయోగక్షేత్రములో 2025 ఏప్రిల్ 13వ తేదీన, హైదరాబాదునందలి రక్షణ పరిశోధనశాల యైన 'చెస్' శాస్త్రజ్ఞులు వాహనముపై నెక్కించిన 30 కిలోవాట్ల లేజరు ఆయుధముతో ఆకాశమున ఎగురుచున్న డ్రోనులను కాల్చి కూల్చి చూపిరి. ఈ రెండు మహత్తరమైన వెలుగుల సరసన నిలుపుటకు మూడవది యొకటి కలదు. అది చేతితుపాకి గొట్టము క్రిందనో పిడి ప్రక్కనో అమర్చుకొను చిన్న లేజరు దీపము. దాని శక్తి సాధారణముగా 5 మిల్లీవాట్లకు మించదు. అనగా డ్రోనును కూల్చిన ఆ కిరణములో అరువది లక్షలవ వంతు.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములందు తుపాకి లైసెన్సు అనుమాట కొత్తది కాదు. గ్రామకక్షలు మనుష్యుల నిద్రను హరించిన దశాబ్దములలో నాటుబాంబునకును వేటకొడవలికిని జడిసి ఆత్మరక్షణార్థమై రివాల్వరునకు దరఖాస్తు పెట్టుకొన్నవారును, హోదాకు చిహ్నముగా దానిని కోరినవారును ఈ సీమలో ఉండిరి. ఎన్నికలు వచ్చినప్పుడెల్లను ఆ ఆయుధములను పోలీసు స్టేషనులో అప్పగించి, ఎన్నికలు ముగిసిన పిమ్మట తిరిగి తెచ్చుకొనుట లైసెన్సుదారులకు అలవాటైన తంతు. అట్టివారిలో ఒకరు, "తుపాకికి లేజరు పెట్టించుకొన్నచో గురి తప్పదట, కొనవచ్చునా?" అని అడిగినచో భౌతికశాస్త్రము ఇచ్చు సమాధానమేమి? ఈ ప్రశ్నకు ఔననియో కాదనియో ఒక్కమాటలో బదులు చెప్పుటకు ముందు వెలుగును, కంటిని, తూటాను, చేతిని వేరువేరుగా పరీక్షింపవలసియున్నది.

లేజరు ఎట్లు పుట్టినది

ఉద్దీప్తమైన పరమాణువును తగిన కాంతికణ మొకటి తాకినప్పుడు, ఆ పరమాణువు అచ్చముగా అట్టిదే మరియొక కాంతికణమును వెలువరింపగలదని 1917లో ఐన్‌స్టీన్ సిద్ధాంతరీత్యా ప్రతిపాదించెను. ఆ భావము ప్రయోగశాలలో వెలుగుగా మారుటకు నాలుగు దశాబ్దములకు పైగా పట్టినది. 1960 మే 16న అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికమునుండి తొలి లేజరు కిరణమును వెలువరించెను. 1962లో రాబర్ట్ హాల్ అర్ధవాహకమునుండి కంటికి కానరాని పరారుణ లేజరును సాధింపగా, అదే సంవత్సరము నిక్ హోలోన్యాక్ కంటికి కానవచ్చు ఎఱ్ఱని లేజరును సాధించెను. నేటి చేతితుపాకి లేజరులు ఇంచుమించు అన్నియు ఈ అర్ధవాహక వంశమునకు చెందినవే.

సాధారణ దీపమునుండి వెడలు కాంతి తిరునాళ్ళలో జనము వలె నలుదెసలకు ఎవరికి తోచినట్లు వారు నడచునది కాగా, లేజరు కాంతి కోలాట బృందము వలె ఒకే లయలో, ఒకే అడుగుతో, ఒకే దిక్కునకు సాగునది. అందువలననే స్వల్పమైన శక్తియైనను చెదరిపోక దూరమునకు చేరగలుగుచున్నది. ఐనను ఏ కిరణమును పరిపూర్ణముగా సమాంతరము కాదు. ఇట్టి పరికరముల కిరణము మీటరునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున విస్తరించును గావున, పది మీటర్ల దూరమందలి గోడపై చుక్క ఇంచుమించు ఒక సెంటీమీటరు వెడల్పున కనిపించును.

కంటికి కలుగు మేలు

చేతితుపాకి మీద సాధారణముగా రెండు గురిసాధనము లుండును: గొట్టము కొనను చిన్న మిట్ట, వెనుకవైపున ఒక గాడి. గాడిలో మిట్టను నిలిపి, మిట్టపైన లక్ష్యమును నిలిపి చూడవలయును. అనగా కన్ను మూడు వేరువేరు దూరములందున్న వస్తువులను ఏకకాలమున చూడవలసివచ్చును. మన కంటికటకము ఒక క్షణమున ఒక్క దూరమునకే స్పష్టతను కూర్పగలదు. అందుచేత నిపుణులు మిట్టను స్పష్టముగా చూచి, లక్ష్యము కొంత మసకగా నుండుటకు సమ్మతింతురు.

చేయి చాచి పట్టినప్పుడు ఆ మిట్ట కంటికి సుమారు 65 సెంటీమీటర్ల దూరమున నుండును. దానిని స్పష్టముగా చూచుటకు కటకము ఒకటిన్నర డయాప్టరుల (డయాప్టరనగా కటకశక్తికి కొలమానము) సర్దుబాటు చేసికొనవలయును. ఇరువదియేండ్ల కంటికి ఇది లెక్కలోనిది కాదు. దానికి సుమారు పది డయాప్టరుల శక్తి కలదు. నలుబదియేండ్లు దాటిన పిదప చత్వారము ప్రవేశించి, ఏబదియైదేండ్ల నాటికి ఆ శక్తి ఒక డయాప్టరు దరిదాపులకు దిగజారును. అప్పుడు కండ్లజోడు లేనిదే మిట్ట మసకబారక తప్పదు. చదువుకొను అద్దములు పెట్టుకొన్నచో ఎదుటనున్న లక్ష్యము మసకబారును.

లేజరు ఈ చిక్కును సమూలముగా తొలగించుచున్నది. చుక్క లక్ష్యము మీదనే పడును గనుక కన్ను ఒకే దూరమును చూచిన చాలును. తుపాకిని కంటి యెత్తునకు తెచ్చుటకు వీలులేని స్థితిలో, నేలపై పడియున్నప్పుడో ఒక చేయి గాయపడినప్పుడో, గొట్టము ఎటు చూచుచున్నదో చుక్క తెలుపును. చత్వారము గల లైసెన్సుదారునకు ఈ ఉపకారము యథార్థమైనది. దానిని తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు.

గని ఎండలో ఎఱ్ఱని చుక్క

ఐతే చుక్క కనబడిననే కదా ఉపకారము! మన కన్ను అన్ని రంగులను సమానముగా చూడదు. 555 నానోమీటర్ల పచ్చని వెలుగును మిక్కిలి తీవ్రముగను, 650 నానోమీటర్ల ఎఱ్ఱని వెలుగును అందులో పదవ వంతుకు కొంచెము ఎక్కువగను మాత్రమే గ్రహించును. లెక్కవేసి చూచినచో, 5 మిల్లీవాట్ల ఎఱ్ఱని లేజరు పది మీటర్ల దూరమున ఒక సెంటీమీటరు చుక్కపై సుమారు 4,600 లక్సుల (లక్సనగా పడు వెలుగునకు కొలమానము) వెలుగును కలుపును. అంతే శక్తి గల 532 నానోమీటర్ల పచ్చని లేజరు సుమారు 38,000 లక్సులను కలుపును.

గని గ్రామమున వేసవి ఎండ సూటిగా పడు తెల్లని గోడపై అప్పటికే లక్ష లక్సుల వెలుగు పడుచుండును. ఆ లక్షకు నాలుగువేల ఆరువందలు చేర్చిన కలుగు తేడా ఇరువదవ వంతు కంటెను తక్కువ. తొందరలో నున్న కన్ను దానిని పట్టుకొనుట దుష్కరము. పచ్చని చుక్క కలిగించు తేడా మూడవ వంతునకు పైబడియుండును గావున అది కనిపించును. రెండు మూడు మీటర్ల చేరువలో చుక్క చిన్నదై, ఆ మేరకు సాంద్రమగుటచే ఎఱ్ఱనిదియు కొంత మేలుగా కనబడును. ఒక చిన్న బల్బు వెలుగుచున్న గదిలో నూరు లక్సులే యుండుటవలన ఎఱ్ఱని చుక్క దేదీప్యమానముగా వెలుగును. కనుక ఎఱ్ఱని లేజరు ఇంటిలోపలికిని సంధ్యాసమయమునకును తగినది గాని, రాయలసీమ ఎండకు తగినది కాదు.

మరి పచ్చనిదే కొనవచ్చును గదా యన్నచో, దానికిని కొన్ని ఇబ్బందులు కలవు. పూర్వపు పచ్చ లేజరులలో 808 నానోమీటర్ల పరారుణ కిరణము ఒక స్ఫటికమును ఉద్దీపింపజేసి 1064 నానోమీటర్ల కిరణమును పుట్టింపగా, మరియొక స్ఫటికము దాని తరంగదైర్ఘ్యమును సగము చేసి 532కు తెచ్చును. ఈ మెట్లన్నింటిలోను శక్తి వ్యయమగుటచే బ్యాటరీ త్వరగా తీరును. ఉష్ణోగ్రత మారినచో వెలుగు తగ్గును. నేరుగా 520 నానోమీటర్ల ప్రాంతమున పచ్చని వెలుగునిచ్చు అర్ధవాహకములు వచ్చిన పిదప ఈ లోపము చాలవరకు తగ్గినది, కాని వెల హెచ్చినది. నంద్యాల వేసవిలో నలుబది డిగ్రీలు దాటిన వేడియు, నల్లరేగడి దుమ్మును, ఒంటిచెమటయు ఏ లేజరునకును మిత్రములు కావు. కటకముపై దుమ్ము పేరుకొన్నచో చుక్క చెదరి మరకగా మారును.

తిన్నని గీత, వంగిన దారి

కాంతి తిన్నగా పోవును, తూటా పోదు. మన దేశపు కర్మాగారములలో తయారగు .32 రివాల్వరు తూటా సెకనుకు సుమారు 220 మీటర్ల వేగముతో వెడలినదనుకొందము. పది మీటర్లు దాటుటకు దానికి 0.045 సెకను పట్టును. ఆ లోపల భూమ్యాకర్షణ దానిని ఒక సెంటీమీటరు క్రిందికి దించును. ఇరువది మీటర్లలో నాలుగు సెంటీమీటర్లు దించును. లేజరు గొట్టమునకు రెండు సెంటీమీటర్ల ప్రక్కగా నుండి, పది మీటర్ల వద్ద తూటాదారిని కలియునట్లు సరిచేయబడినచో, అయిదు మీటర్ల వద్ద చుక్క ఒక సెంటీమీటరు ఒక ప్రక్కకును, ఇరువది మీటర్ల వద్ద రెండు సెంటీమీటర్లు ఇంకొక ప్రక్కకును తొలగియుండును.

ఈ దోషములు వినుటకు గంభీరముగా తోచినను, ఆత్మరక్షణ సందర్భములందు ఎదురగు కొద్ది గజముల దూరమున ఇవి స్వల్పములు. అసలైన దోషము మరియొకచోట నున్నది. ఏడు మీటర్ల దూరమున గొట్టము ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగినచో తూటా పండ్రెండు సెంటీమీటర్లు తప్పును. ఆ ఒక్క డిగ్రీని తప్పించునది పరికరము కాదు, మనుష్యుని చేయి.

చేయి చెప్పు సత్యము

2014 జనవరిలో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అను .32 రివాల్వరును విడుదల చేసినది. స్త్రీల రక్షణ నుద్దేశించి, టైటానియము మిశ్రలోహముతో, సుమారు అయిదువందల గ్రాముల బరువున దానిని నిర్మించిరి. అప్పటి వెల 1,22,000 రూపాయలకు పైచిలుకు. తేలికయైన ఆయుధమును మోయుట సుఖమే. కాని ట్రిగ్గరు నొక్కుటకు కావలసిన బలము ఆయుధపు బరువుకు అనేకరెట్లు అధికమైనప్పుడు, వ్రేలు నొక్కిన కొలది చేయి మొత్తము కదలును. గురి తప్పుటకు ముఖ్యకారణ మిదియే.

ఈ సంగతిని కనులార చూడదలచినవారికి లేజరు కంటె మేలైన గురువు లేడు. శిక్షకుని సమక్షమున, రివాల్వరు చక్రమును తెరచి, ప్రతి గదియు ఖాళీగా నున్నదని కంటితోను వ్రేలితోను రెండుమారులు చూచి, తూటాలను ఇంటిలోని వేరొక గదిలో భద్రపరచిన తరువాతనే ఈ అభ్యాసము చేయవలయును. గట్టి గోడపై అతికించిన కాగితపు గుర్తు వైపు ఆయుధమును పట్టినప్పుడు ఎఱ్ఱని చుక్క నిశ్చలముగా నుండదు. ఊపిరితోడను నాడితోడను కూడి రూపాయిబిళ్ళంత స్థలములో చిన్న చిన్న సున్నలు చుట్టుచుండును. ట్రిగ్గరు మెల్లగా వెనుకకు జరుగును, చక్రము తిరుగును, సుత్తి లేచును. సుత్తి పడిన ఆ క్షణమున చుక్క గుర్తును విడిచి, కుడిచేతివాటము వారికి తరచుగా ఎడమవైపు క్రిందికి, జానెడు మేర ఉరుకును. తూటా ఉన్నచో అది పోవలసిన చోటు అదియే. ఆ ఉరుకు తగ్గువరకు, చుక్క తన సున్నలు చుట్టు చోటనే నిలుచువరకు అభ్యాసము సాగవలయును.

కాని ఇదే చుక్క అభ్యాసము లేనివానికి ఉచ్చుగా పరిణమించును. చుక్క సరిగా లక్ష్యము మీదికి వచ్చినప్పుడే కాల్చవలెనని ఎదురుచూచి, అది వచ్చిన క్షణమున వాడు ట్రిగ్గరును గుంజును; ఆ గుంజుటచేతనే గురి తప్పును. ప్రమాదసమయమున చుక్క ఎక్కడ నున్నదో వెదకుచు కొన్ని క్షణములు పోగొట్టుకొనుటయు సంభవించును.

అంతర్జాతీయ షూటింగు సమాఖ్య నియమావళి పిస్తోలు పోటీలలో లేజరు గురిని గాని దుర్భిణిని గాని అనుమతింపదు. పాతకాలపు మిట్టయు గాడియు మాత్రమే ఉండవలయును. పది మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో పదిపాయింట్ల వలయము వెడల్పు 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. మన హైదరాబాదు యువతి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఏషియా క్రీడలయందు రెండు వ్యక్తిగత రజతములతో కలిపి నాలుగు పతకములు గెలిచినది ఈ మిట్టతోను ఈ గాడితోను మాత్రమే. 2012 లండను క్రీడల నాటినుండి ఒలింపిక్సులోని ఆధునిక పెంటాథ్లాను పోటీలో తూటాకు బదులు లేజరు పిస్తోళ్ళను వాడుచున్నారు. అక్కడను కిరణము ట్రిగ్గరు నొక్కిన పిదపనే వెడలునది గాని, ముందుగా గురి చూపునది కాదు. సాధన చేసిన చేతికి కావలసినది ఎంత స్వల్పమో ఈ దృష్టాంతములు తెలుపుచున్నవి.

చీకటిలో ఎదుట నిలిచినదెవరు

లేజరు గురి గూర్చి నేను చెప్పదలచిన ప్రధానవిషయము ఇప్పుడు వచ్చినది. చుక్క గొట్టము ఎటు చూచుచున్నదో చెప్పును; ఎదుట నిలిచినది ఎవరో చెప్పదు. అర్ధరాత్రి కరెంటు పోయిన ఇంటిలో అలికిడి విన్న మనుష్యుడు చీకటిలోనికి ఎఱ్ఱని చుక్కను ప్రసరింపజేసినచో, ఒక చొక్కాపై ఒక బిందువు వెలుగును. ఆ చొక్కా దొంగదో, ఆలస్యముగా ఇల్లు చేరిన కుమారునిదో, నీళ్ళకై లేచిన తల్లిదో ఆ బిందువు తెలుపలేదు. ఒక మంచి టార్చిలైటు తెలుపును. రాత్రి రక్షణకు మొదట కావలసినది ముఖమును చూపు వెలుగు. బిందువును చూపు వెలుగు ఆ తరువాతిది. చుక్కను చూడగానే శత్రువు భయపడి పారిపోవునను మాట అంగళ్ళలో వినవచ్చును. తన రొమ్ముపై పడిన చుక్కను ఎదుటివాడు చూడకనే పోవచ్చును, చూచినను ఆగకపోవచ్చును. అట్టి ఆశపై ప్రాణము నిలుపుకొనరాదు.

కంటి క్షేమము కూడ ఇక్కడనే విచారింపదగినది. మధ్యాహ్నసూర్యుని సూటిగా చూచినప్పుడు కనుపాప ద్వారా లోపలికి పోవు శక్తి కొన్ని మిల్లీవాట్లు. ఈ లేజరు శక్తియు ఆ కోవలోనిదే. సూర్యబింబము రెటీనాపై 0.16 మిల్లీమీటర్ల వెడల్పున పడగా, లేజరు కిరణము అంతకంటె ఎన్నోరెట్లు చిన్నచోట కేంద్రీకృతమగును. కావున దీనిని పిల్లలకు ఆటవస్తువుగా ఇచ్చుటయు, అద్దముల మీదికి ప్రసరింపజేయుటయు కూడదు. ఓర్వకల్లునందు 2021 మార్చిలో ప్రారంభమైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయమునకు వచ్చిపోవు విమానముల వైపు త్రిప్పుట మహాపరాధము. దూరమున విస్తరించిన ఆ వెలుగు దిగుచున్న విమానచోదకుని కన్నులను మిరుమిట్లు గొలిపి నూర్లమంది ప్రాణములకు ముప్పు తెచ్చును.

నిర్ణయము

1959 ఆయుధచట్టము, 2016 ఆయుధనియమములు మనదేశమున తుపాకి కలిగియుండుటను హక్కుగా గాక బాధ్యతతో కూడిన అనుమతిగా పరిగణించుచున్నవి. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకొనదగు ఆయుధములు మూడునుండి రెండునకు తగ్గినవి. లైసెన్సు గడువు అయిదేండ్లకు పెరిగినది. 2024 జూలై 1 నుండి అమలునందున్న భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షను, ఆత్మరక్షణకు అవసరమైనదానికి మించిన హాని చేయుటకు ఎవరికిని హక్కు లేదని నిర్దేశించుచున్నది. గురి ఎంత చక్కనిదైనను, కాల్చుట అవసరమా కాదా అను విచక్షణ దానికంటె ముందు రావలయును. తరువాత న్యాయస్థానమున ప్రశ్నించునదియు ఆ విచక్షణనే.

ఈ విచారణ యంతటి పిమ్మట నా అభిప్రాయము ఇది. లైసెన్సు కొత్తగా పొందినవారు లేజరు కొనరాదు. ఆ సొమ్మును మంచి శిక్షకుని వద్ద అభ్యాసమునకును, తాళముగల పెట్టెకును, బలమైన టార్చికిని వెచ్చింపవలయును. చత్వారము వచ్చినవారికిని, చేతికో మెడకో దెబ్బ తగిలి తుపాకిని కంటి యెత్తునకు తేలేనివారికిని లేజరు కొనదగినదే. ఎండలో తిరుగువారైనచో పచ్చనిదియే కొనవలయును. సాధన చేయుచున్నవారికి అది తప్పును దాచక చూపు పాఠ్యపరికరముగా అన్నివిధముల కొనదగినది. గొట్టమునకో పిడికో ఏ మార్పైనను చేయించుటకు ముందు లైసెన్సు ఇచ్చిన అధికారిని, అధికృత తుపాకి దుకాణదారుని అడిగి తెలిసికొనుట విధి. బిగించిన తరువాత నెలకొకమారు బ్యాటరీని, కటకమును, గురి సరిగా నున్నదో లేదో పరీక్షింపవలయును.

చదువరులారా, ఆయుధము ఇంటనున్నవారు ఎవరైనను ఈ పుస్తకమును మూయుటకు ముందు ఒక్క పని చేయుడు: మీ ఇంటి తుపాకి తాళములో నున్నదా, తూటాలు వేరుగా నున్నవా, ఇంటిలో నున్న పిల్లలకు ఆ తాళపుచెవి అందదా యని లేచి వెళ్ళి చూచి రండు. లేజరు మాట ఆ తరువాత ఆలోచింపవచ్చును.